మా ఇంటిది కాని టీవీ

జూలై 1, మంగళవారం

యూనియన్ వాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ బడి పిల్లల తల్లిదండ్రులకి చీటీలు రాయడానికి ఒక్కో కాగితం చింపుతూ వచ్చాను. ఇక చింపను. నాకే రాసుకోవలసిన సంగతి ఒకటి వచ్చిపడింది.

మధ్యాహ్నం మూడో తరగతికి ఎక్కాలు చెప్పిస్తుంటే ఫోను గుర్రుమంది. మేం సీరియళ్ళు చూసే యాప్ కంపెనీ వాళ్ళ మెసేజ్. మీ ఖాతా మీ ఇంటిది కాని ఒక టీవీలో నడుస్తున్నట్టు గుర్తించాం, అది మీకు తెలిసిందేనా అని అడిగారు.

మా ఇంట్లో ఉన్నది ఒక్కటే టీవీ. ముందుగదిలో అత్తమ్మ మంచానికి ఎదురుగా ఉంటుంది. పూజ కలకత్తాలో నర్సింగు చదువుతూ తన ఫోనులో చూసుకుంటుంది, కన్నకూతురు కాబట్టి అది నాకు తెలుసు. ఖాతా నా పేరు మీద ఉంది. పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళం ముగ్గురం: నేను, పూజ, ఆయన. అత్తమ్మకి రిమోట్‌లో ఎర్ర బటన్ ఒక్కటే తెలుసు.

సాయంత్రం ఆయన రైల్వే వర్క్‌షాపు నుంచి రాగానే అడిగాను.

"మన యాప్ ఎవులికైనా ఇచ్చినారా?"

మొహం కడుక్కుంటున్నవాడు కడుక్కుంటూనే ఉన్నాడు. "నానెవులికిస్తాను" అన్నాడు. అని, కడిగేసిన మొహానికి మళ్ళీ సబ్బు రాసుకున్నాడు.

పదిహేడేళ్ళుగా పిల్లల కాపీలు పట్టుకుంటున్నాను. ప్రశ్న అడగ్గానే పెన్సిలు చెక్కడం మొదలుపెట్టేవాడు ఎలాంటివాడో నాకు తెలుసు.

జూలై 2, బుధవారం

నాకు అనుమానం ఏమీ లేదు. ఊరికే రాసిపెట్టుకుంటున్నాను.

జూలై 4, శుక్రవారం

పూజకి ఫోను చేశాను. ఎవరికీ ఇవ్వలేదని ఒట్టు పెట్టింది.

"మరి వాళ్ళకెలగ తెలిసినాదే, మనిల్లు కాదని?"

"వైఫై చూసి కనిపెడతారమ్మా. మన వైఫై మీద రాని టీవీ రోజూ నడుస్తుంటే వేరే ఇల్లని పట్టేస్తారు. సెట్టింగుల్లోకెళ్ళి చూడు. ఏ టీవీ, ఏ ఊరు, ఎప్పట్నుంచి, అన్నీ ఉంటాయి."

చూశాను. స్మార్ట్ టీవీ. ఖరగ్‌పూర్. మా ఊళ్ళోనే. మొదటిసారి మే 14. ఆ రోజు ఆయన సెలవు పెట్టి యూనియన్ మీటింగని వెళ్ళాడు. నాకెందుకు గుర్తుందంటే, ఆ రోజు ఇస్త్రీ చొక్కా కావాలన్నాడు. యూనియన్ మీటింగుకి ఇస్త్రీ చొక్కా వేసుకెళ్ళిన మనిషిని మా ఖరిదా పేటలో నేనింతవరకు చూడలేదు.

తర్వాత ప్రొఫైల్స్ చూశాను. మా టీవీ తెరవగానే నా పేరు మీదే మొదలవుతుంది కాబట్టి ఆ పేజీకి ఎప్పుడూ వెళ్ళలేదు. మొదటిది స్వర్ణ, అంటే నాది. రెండోది పూజ. మూడోదానికి గుడ్లగూబ బొమ్మ పెట్టి ఉంది. కింద పేరు ఇంగ్లీషులో. బి, ఓ, యు.

బౌ.

బెంగాలీ ఇళ్ళ మధ్య పుట్టాను, బెంగాలీ పిల్లలతో చదువుకున్నాను. బౌ అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పెళ్ళాం.

జూలై 5, శనివారం

బడి నుంచి వచ్చి గంటసేపు ఆ ప్రొఫైల్‌లో ఏమేం చూశారో చూశాను. నా సీరియల్ ఆపేసినావని అత్తమ్మ సణిగింది.

రోజూ మధ్యాహ్నం రెండింటికి మొదలవుతుంది. ఒక హిందీ పురాణం సీరియల్, వంటలు, జగన్నాథుడి భజనలు. చేసే పనికి భజనలు కూడానా. ఒకే ఎపిసోడ్‌ని మూడు రోజులు వరసగా పెట్టారు. ప్రతిసారీ సగంలోనే ఆగింది. సీరియల్ చూసే ఆడది కథని సగంలో ఎందుకు వదిలేస్తుంది? పక్కన కథ కంటే బాగున్నది ఏదో ఉండబట్టి వదిలేస్తుంది.

అయితే మధ్యాహ్నం రెండింటికి ఆయన వర్క్‌షాపులో ఉంటాడు. ఈ ముక్క రాసి చాలాసేపు ఆలోచించాను. ఉంటాడని నేను అనుకుంటున్నాను, అంతే.

జూలై 7, సోమవారం

మా బడిలో హిందీ చెప్పే మీనాకుమారి భర్త కూడా ఆయన పనిచేసే వర్క్‌షాపులోనే చేస్తాడు. టీ తాగుతూ చాలా మామూలుగా అన్నాను, "మగోళ్ళకి ఈ ఓవర్‌టైము ఓటీలు మరీ ఎక్కువైపోనాయి కదా" అని.

"ఓటీయా? సలికాలం నుంచి ఓటీ ఎక్కడిది దీదీ, అయిదు కొట్టేసరికి మా ఇంట్లో ఉంటాడు" అంది.

మా ఇంట్లో ఏడు దాటుతోంది. వారంలో మూడు రోజులు ఓటీ అని రెండు నెలలుగా వింటున్నాను.

జూలై 8, మంగళవారం

చేపల పులుసులో ఉప్పు వెయ్యలేదు. కావాలనే. ఆయన తిని బాగుందన్నాడు. ఏ తప్పూ చెయ్యనివాడు ఉప్పులేని పులుసు బాగుందంటాడా?

జూలై 9, బుధవారం

చార్టు పేపర్ల కోసం ప్రేమ్ బజార్ వెళ్ళాను. స్టేషనరీ కొట్టు దగ్గర ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు నిలబడి ఇదే గొడవ. వాళ్ళ హాస్టల్లో తొమ్మిదిమంది ఒకే ఖాతా వాడుకుంటున్నారట, కంపెనీ పట్టేసుకుందట. పట్టుబడిన తొమ్మిదిమందిలో ఒక్కడికీ సిగ్గున్నట్టు కనబడలేదు.

కొట్టతను "ఆర్ కీ లాగ్‌బే బౌది" అన్నాడు. ఇంకేం కావాలొదినా అని, ఇరవై ఏళ్ళుగా అంటున్నదే. ఈరోజు ఆ మాటలో ఉన్న బౌ విని నాకు మండిపోయింది. "నాకేం అక్కర్లేదు" అని తెలుగులోనే అరిచి వచ్చేశాను. చార్టులు అక్కడే మర్చిపోయాను.

ఇంటికొచ్చి టీవీ పెట్టి ఆ ప్రొఫైల్ పేరు మార్చాను. ఏ భాష వాళ్ళకైనా అర్థమయ్యే మాట కావాలి కదా ఈ ఊళ్ళో. చోర్ అని రాశాను. రెండింటికి టీవీ తెరవగానే మహాతల్లికి గుడ్లగూబ కింద అదే కనబడుతుంది.

జూలై 10, గురువారం

పొద్దున్న చోర్. సాయంత్రం చూస్తే మళ్ళీ బౌ.

జూలై 11, శుక్రవారం

ఇవాళ తనంతట తనే కదిపాడు. అత్తమ్మ పక్కింటికి వెళ్ళిన సమయం చూసి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. జరిగింది జరిగినట్టు రాసుకుంటాను, తర్వాత మాట మారిస్తే చూపించడానికి.

"పేరు మార్సింది నువ్వే కదా" అన్నాడు.

"నానే."

"దొంగ అని రాసినావు. ఆమె నీదేటి దొంగిలించినాది సొర్నా?"

అడిగేశాడు, మొహం మీదే. "నాదేటి దొంగిలించినాదో మీకు తెల్దా?" అన్నాను.

"నీకు తెలిసిపోనాదని నాకు ముందే అనుమానం. కోపముంటాది, కాదన్ను. ముందే సెప్పాల్సింది. కానీ ఆమెకీ ఊళ్ళో నాను తప్ప ఎవులున్నారు? ఉన్నన్నాళ్ళు సూస్తాను. అంతకన్నా ఏటీ నేదు."

"ఉన్నన్నాళ్ళు సూస్తారా? మరి నానేటయిపోవాలి?"

"నీకేటయినాది?" అన్నాడు. నిజంగానే అర్థంకానట్టు చూశాడు. ఎంత బాగా నటిస్తున్నాడో. "నీకు, పూజకి ఏటి తక్కువ సేసినాను? ఒక్కటే అడుగుతున్నాను. అమ్మకి మాత్రం సెప్పకు. తెలిస్తే అమ్మ సచ్చిపోతాది."

ఏడ్చాడు కూడా. కళ్ళు తుడుచుకుని బయటికి వెళ్ళిపోయాడు.

కాదనలేదు. ఇదొక్కటి రాసుకోవాలి. నేనెన్ని ఊహించుకున్నా ఎక్కడో ఒకచోట కాదంటాడని అనుకున్నాను. ఇరవై మూడేళ్ళ కాపురం. కాదనలేదు.

జూలై 12, శనివారం

వెనకాల వెళ్ళాను. దిగజారిపోయానని నాకూ తెలుసు. తెలిసే వెళ్ళాను.

శనివారం తొందరగా విడుస్తారు. వర్క్‌షాపు గేటుకి ఎదురుగా గొడుగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. ఆయన టోటో అనే బ్యాటరీ ఆటో ఎక్కాడు, నేను వెనక ఇంకోటి ఎక్కాను. "ఆ టోటో పీఛే పీఛే చలో" అంటే నడిపేవాడు నన్నో చూపు చూశాడు. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ దాకా వెళ్ళింది. ఫ్యాక్టరీ పనివాళ్ళకి అద్దెకిచ్చే రేకుల గదులు వరసగా ఉన్నాయి అక్కడ. ఆయన చేతిలో అరటిపళ్ళు, మూడీ మరమరాల పొట్లం, ఒక నూనె సీసా. తలకి నూనె కూడా ఈయనే తెచ్చిపెడతాడు కాబోలు. నాకు ఇరవై మూడేళ్ళలో ఒక్క సీసా తెచ్చిన పాపాన పోలేదు.

చివరి గది. గుమ్మం బయట ఆడ చెప్పులు, చిన్న పాదాలవి. తీగ మీద లేతరంగు చీర ఒకటి ఆరేసి ఉంది. ఆయన గుమ్మంలోకి వెళ్ళి కిందికి వంగాడు. బూట్లు విప్పుకోవడానికి అనుకున్నాను. బూట్లు కాదు, చెప్పులే ఉన్నాయి కాళ్ళకి. వంగి చెప్పులు విప్పే మనిషి కాదు. అలవాట్లు మారతాయి.

లోపలినుంచి ఆయన నవ్వు వినబడింది. నా దగ్గర ఆయన అలా నవ్వగా నేను వినలేదు.

తలుపు తట్టి ఉండవలసింది. తట్టలేదు. టోటో అతను వెయిటింగ్ అంటున్నాడని వచ్చేశాను. టోటో అతని వల్లే వచ్చేశాను.

జూలై 13, ఆదివారం

అత్తమ్మకి చెప్పేశాను.

చెప్పొద్దని ఏడ్చాడు కదా, అందుకే చెప్పాను. ఆయన మార్కెట్‌కి వెళ్ళగానే మంచం పక్కన కూర్చుని, "మీ సుందర్రాజు ఇండస్ట్రియల్ పార్క్ కాడ ఇంకో ఇల్లు పెట్టినాడత్తమ్మా. మన యాప్ కూడా ఇచ్చినాడు. అందులో ఆమె పేరు ఏటని రాసినాడో తెలుసా? బౌ అని" అన్నాను.

అత్తమ్మ ఒత్తులు చేసుకుంటోంది. చేతిలో దూది చేతిలోనే ఉండిపోయింది.

"ఏటన్నావు?"

"బౌ. నిన్నగాక మొన్న కాదు, వేసంగి నుంచీ నడుస్తన్నాది."

అయ్యో అనలేదు, వాడి మొహం మండా అనలేదు. ఎంతైనా కొడుకు పక్షమే. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి దగ్గర న్యాయం దొరుకుతుందనుకోవడం నా బుద్ధితక్కువ. గోడవైపు తిరిగి పడుకుంది.

టాటానగర్‌లో ఉన్న మోహనకృష్ణ అన్నయ్యకి ఫోను చేశాను. వచ్చే ఆదివారం ఇద్దరు పెద్దమనుషుల్ని తీసుకుని వస్తానన్నాడు. అందరి ముందూ కూర్చోబెట్టి అడుగుదాం, తేలకపోతే నిన్ను నాతో తీసుకుపోతానన్నాడు. సరే అన్నాను. బట్టలు ఏవేవి సర్దుకోవాలో కూడా ఆలోచించుకున్నాను.

జూలై 15, మంగళవారం

అత్తమ్మ అన్నం ముట్టడం లేదు. రెండు ముద్దలు కెలికి పళ్ళెం తోసేస్తోంది. ఒంట్లో బాగాలేదంటుంది. టీవీ పెట్టమంటుంది, చూడదు.

ఆయన "అమ్మకేటయినాది" అని నన్ను అడుగుతున్నాడు. ఆమెనే అడగండి అన్నాను.

జూలై 17, గురువారం

పని పూర్తి చేశాను. యాప్‌లో పాస్‌వర్డ్ మార్చేశాను, అన్ని పరికరాల నుంచీ తీసెయ్యి అన్నదాన్ని నొక్కాను. అయిపోయింది అని మెసేజ్ వచ్చింది. ఇక రెండింటికి ఏం చూస్తుందో చూద్దాం.

సాయంత్రం ఆయన వస్తూనే, కాళ్ళు కూడా కడుక్కోకుండా, "పాస్‌వర్డ్ సెప్పు సొర్నా" అన్నాడు.

"ఆదివారం మా అన్నయ్య వస్తన్నాడు. పెద్దమనుసుల ముందు సెప్తాను."

"పెద్దమనుసులా? అమ్మ ముందా?" మొహం పాలిపోయింది. "ఆ ఒక్క పని సెయ్యకు. నీ కాళ్ళట్టుకుంటాను."

ముందుగదిలో అత్తమ్మ దగ్గింది. వినబడుతోందని ఇద్దరికీ తెలిసి నోళ్ళు మూసుకున్నాం.

జూలై 18, శుక్రవారం

ఇది రాయకూడని సంగతేమో. అయినా రాస్తాను.

తలనొప్పని బడి మానేశాను. ఆయన వెళ్ళిపోయాక అత్తమ్మ పిలిచింది. లేచి మంచం మీద కూర్చుని ఉంది.

"కూకో. ఆ టీవీలో ఏటని రాసున్నాదన్నావు?"

"బౌ అని."

"నువ్వు బెంగాలోళ్ళతో సదువుకున్నావు, నీకా అర్తమే తెలుసు. ఒడియావోళ్ళకి బౌ అంటే అమ్మ. ఇప్పటి పిల్లలు మా అంటన్నారు గానీ ఎనకటోళ్ళందరూ బౌ అనీవోరు."

ఎవరి అమ్మ అని అడిగాను.

"సుందర్రాజుకి" అంది.

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా ఆమె మొహం వైపే చూస్తూ కూర్చున్నాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"మీ మావ నూకయ్యకి రైలు క్వార్టరు ఇచ్చిన కొత్త. రెండిళ్ళకి ఒకటే కుళాయి. పక్కింట్లో ఒడియా గేంగుమేను, ఆడి పెళ్ళాం కుంతల. ఆడు రైలు లైను మీద పనిలో సచ్చిపోయినాడు. దానికి ఇరవయ్యేళ్ళు నిండి నిండనట్టు. సంకలో ఏడాదిన్నర గుంటడు. దాని అన్నదమ్ములొచ్చి మారుమనువు సేస్తాం రమ్మన్నారు, గుంటడొద్దన్నారు. నాకేమో పెళ్ళై పదేళ్ళైనా కడుపు పండనేదు. మాకిచ్చీ అని నానే అడిగినాను. రెండ్రోజులు ఏడిసి ఇచ్చేసి రైలెక్కిపోనాది. మీ మావా నానూ ఈ సంగతి ఎవులికీ సెప్పనేదు. ఆడికీ సెప్పనేదు."

నీళ్ళిస్తే తాగలేదు.

"ఆడు రాత్రీ పగలూ బౌ, బౌ అని ఏడ్సీవోడు. ఆ మాట మాన్పించడానికి నాకు ఆర్నెల్లు పట్టినాది సొర్నమ్మా. బౌ అని ఏడిస్తే ఎత్తుకునీదాన్ని కాను. అమ్మా అంటేనే ఎత్తుకునీదాన్ని. అలగ మాన్పించినాను. మొన్న నువ్వొచ్చి ఆ మాట నా సెవిలో పడేసినావు."

ఏప్రిల్లో ఒక ముసలామె మా వీధి చివర నిలబడి ఇంటివైపు చూసిందట. అత్తమ్మ పోల్చుకుని, పిలవకుండా తలుపు వేసేసుకుందట. ఆ తర్వాత ఆమె వర్క్‌షాపు గేటు దగ్గరికి వెళ్ళి కొడుకుని పట్టుకుని ఉంటుందని ఇప్పుడు అనుకుంటోంది.

సగంలో ఆగిపోయిన ఎపిసోడ్లు గుర్తొచ్చాయి. నిద్రపోయి ఉంటుంది. నూనె మోకాళ్ళకి. గుమ్మంలో ఆయన వంగింది ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టడానికి. నేను దొంగ అని రాశాను.

"ఆ టీవీ ఆపేసినాను అత్తమ్మా" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"ఇన్నాను. ఆ మనిసి నాకు కొడుకునే ఇచ్చేసినాది. ఇన్నేళ్ళూ తిరిగి అడగనేదు. నువ్వు సీరియల్ ఇవ్వనేవా?"

నేను ఆమె చేతులు పట్టుకున్నాను. వదిలించుకోలేదు.

"ఒక్క మాట. నాకు తెలుసని ఆడికి సెప్పకు. నా కోసమే దాస్తన్నాడు, దాసుకోనీ" అంది.

జూలై 19, శనివారం

అన్నయ్యకి రావద్దని ఫోను చేశాను. ఏమైందంటే నేనే పొరబడ్డానన్నాను. "మొగుడు మాయమాటలు సెప్పినాడు, నువ్వు నమ్మినావు" అన్నాడు. అవునన్నాను. ఇంకేం చెప్పను? నా అన్న దగ్గర నేను వెర్రిదాన్నయినా పరవాలేదు.

ఆయన రాగానే కొత్త పాస్‌వర్డ్ కాగితం మీద రాసి చేతిలో పెట్టాను. "ఆమెకి పెట్టియ్యండి. అత్తమ్మకి ఏటీ తెల్దు" అన్నాను.

కాగితం చూసి, నన్ను చూసి, "మరి తెలిసుండే దొంగ అని ఎందుకు రాసినావు?" అన్నాడు. ఆమె ఆ రోజు టీవీలో అక్షరాలు చదవలేక పక్కగది పిల్లతో చదివించుకుందట. నిన్ను తీసుకుపోవడానికి వచ్చిన దొంగననుకుంటోంది నా కోడలు అని ఆయనతో అందట.

అక్కడ అబద్ధం ఆడలేకపోయాను. "నాకు తెల్దు. నాను ఇంకోలాగ అనుకున్నాను. బెంగాలీ బౌ అనుకున్నాను" అన్నాను.

ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు. "ఆమెకి అరవై ఏడేళ్ళు సొర్నా" అని, గోడ పట్టుకుని మరీ నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. "ఇన్నేళ్ళకి నా మీద అదా అనుకున్నావు" అన్నాడు. అన్నం తిన్నాడు గానీ నాతో మళ్ళీ మాట్లాడలేదు. పాస్‌వర్డ్ తీసుకుని టోటో ఎక్కి వెళ్ళాడు.

ఆరింటికి కంపెనీ మళ్ళీ అడిగింది, ఈ కొత్త టీవీ మీ ఇంటిదేనా అని. అవును అని నొక్కాను.

జూలై 20, ఆదివారం

పొద్దున్న ఆయన స్నానానికి వెళ్ళగానే అత్తమ్మ చెయ్యి ఊపి పిలిచింది. గొంతు తగ్గించి అడిగింది.

"ఆమెని బౌ అని రాసుకున్నాడు కదా. ఆడి ఫోన్లో నా పేరు ఏటని రాసుకున్నాడో సూసి సెప్పవే."

ఇన్ని రోజులూ నేను ఆయన ఫోను ముట్టలేదు. మర్యాద కొద్దీ ముట్టలేదని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి భయం కొద్దీ. ఫోను మంచం మీదే పడి ఉంది. తాళం కూడా వెయ్యలేదు.

అమ్మ అని వెతికాను. లేదు. అత్తమ్మ పేరు చిట్టెమ్మ అని, మదర్, ఇల్లు, ఘర్ అని కూడా వెతికాను. ఏదీ లేదు. చేసిన ఫోన్లు చూశాను. పేరు లేని నంబరు ఒకటి కనబడింది. పనిరోజుల్లో, మధ్యాహ్నం పన్నెండున్నరకి, భోజనం వేళ. నాలుగు నిమిషాలు, అయిదు నిమిషాలు. కిందికి జరుపుతూ పోయాను. ఒక్క పనిరోజు కూడా తప్పలేదు. ఇంత జరిగాక కూడా నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో రాయడానికి సిగ్గేస్తోంది. అయితే నిజంగానే ఇంకొకతి ఉందన్నమాట, అనుకున్నాను.

ఆ నంబరుకి కొట్టాను. ముందుగదిలో, అత్తమ్మ తలగడ కింద, ఆమె బటన్ ఫోను మోగింది.

ఆ వేళకి నేను రోజూ బడిలో ఉంటాను, ఇంట్లో ఉన్న రోజైతే వంటింట్లో ఉంటాను. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారని నాకు తెలియదు. ఆమెకి ఆ ఫోను కొని తొమ్మిదేళ్ళయింది. ఇన్నేళ్ళూ పేరే పెట్టుకోకుండా పది అంకెలూ గుర్తుపెట్టుకుని కొడుతున్నాడు.

ముందుగదిలోకి వెళ్ళాను. అత్తమ్మ ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూస్తోంది. "ఎవులో సేసినారు" అంది.

"నానే. వేలు తగిలిపోనాది."

"ఏటని ఉన్నాది?"

పేరు లేదని అంటే, ఆ తర్వాత నేనేం చెప్పినా ఆమె వినదు.

"అమ్మ అని ఉన్నాది."

"ఇంగిలీసులోనా?"

"తెలుగులో."

ఫోను తలగడ కింద పెట్టేసింది. కొంగుతో మొహం తుడుచుకుని, "ఆకలేస్తన్నాది, ఏటైనా పెట్టు" అంది.

స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు ఇంకా వస్తోంది. వెనక్కి వెళ్ళి ఆయన ఫోను తీశాను. ఆ నంబరు తెరిచి, తెలుగు కీబోర్డు పెట్టి, అమ్మ అని రాసి సేవ్ చేశాను. సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. రేపు పన్నెండున్నరకి ఆయన చూస్తాడు.